గడపతో సహా ద్వారబంధం: రాజమహేంద్రవరంలోని ఒక కలప దుకాణం పనితీరుపై సమీక్ష

ఇల్లు కట్టుకుంటున్నవారు సింహద్వారం చేయించే ముందు తలుపు రెక్కల మీది నగిషీ గురించి, పాలిష్ గురించి, తాళాల గురించి ఎంతో విచారిస్తారు. ఆ రెక్కలను మోసే ద్వారబంధం గురించి అంతగా అడగరు. ద్వారబంధంలో అన్నింటికంటే కిందనుండే గడప గురించి అసలే అడగరు. రాజమహేంద్రవరంలో మా ఇంటి సింహద్వారానికి టేకు ద్వారబంధం చేసి ఇచ్చిన కలప దుకాణం గురించి రాస్తున్న ఈ సమీక్షలో ఎక్కువ భాగం గడపకే కేటాయిస్తున్నాను. ఆ దుకాణం తక్కినవాటికంటే ఎందులో మెరుగో, ఎందులో ఇంకా సరిదిద్దుకోవలసి ఉందో రెండూ అక్కడే తేలాయి. లోపాలు కూడా చెబుతున్నాను గనుక దుకాణం పేరు రాయడం లేదు. వాళ్ళ పద్ధతులు వివరంగా తెలిస్తే, చదివినవారు తమ ఊళ్ళోని దుకాణంలో ఏమి అడగాలో వారికే తెలుస్తుంది.

ముందుగా మాట సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే బేరం మొదలయ్యేది మాటతోనే. ద్వారబంధం నాలుగు చెక్కల చట్రం. ఇరువైపులా రెండు నిలువు చెక్కలు, పైన ఒక అడ్డచెక్క, కింద నేలను ఆనుకుని మరొక అడ్డచెక్క ఉంటాయి. ఆ కింది చెక్కే గడప. పాత ఇళ్ళలో, గుళ్ళలో అది రాతిది కూడా కావచ్చు. గుమ్మం అంటే అసలు అర్థంలో మనిషి లోపలికి వచ్చే చోటు. 'గుమ్మంలో నిలబడి మాట్లాడాడు' అన్నప్పుడు ఆ చోటునే చెబుతున్నాం. అయితే మా వైపు మేస్త్రీలూ వడ్రంగులూ మొత్తం చట్రాన్ని కూడా గుమ్మమే అంటారు. 'రేపు గుమ్మం ఎత్తుతున్నాం' అంటే ద్వారబంధాన్ని నిలబెడుతున్నారని అర్థం. తెలంగాణలో దర్వాజ అన్న మాట తలుపుకూ, ఆ తలుపున్న చోటుకూ, చట్రానికీ కూడా చెల్లుతుంది. గడపను అక్కడ చాలామంది కడప అంటారు. కోస్తాలో వాకిలి అంటే ఇంటి ముందు కల్లాపి చల్లి ముగ్గు వేసే జాగా. రాయలసీమలో 'వాకిలి వేసి రా' అంటే తలుపు మూసి రమ్మని. ఇన్ని మాటలు ఒకదాని సరిహద్దులోకి మరొకటి జరుగుతున్నా, గడప అన్న మాట మాత్రం ఇంటి నిర్మాణానికి సంబంధించినంతవరకు ఒకే వస్తువును చూపిస్తుంది. అందుకే ఆర్డరు ఇచ్చేటప్పుడు ఆ మాటను పలకడం, కాగితం మీద రాయించడం అవసరమని నా అభిప్రాయం.

ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. హైదరాబాదులో ఉండే మా బంధువులు వేరే ఒక దుకాణానికి ఫోన్ చేసి 'మెయిన్ దర్వాజ చౌకట్టు' కావాలని చెప్పి, వెల మాట్లాడుకుని, బయానా కూడా ఇచ్చారు. లారీ దిగిన చట్రానికి మూడే వైపులున్నాయి. కింద రవాణాలో విచ్చుకోకుండా రీపరు ముక్క, అంటే సన్నటి చెక్కబద్ద, ఒకటి కొట్టి పంపారు. గడప ఏదని అడిగితే, అపార్ట్‌మెంట్లకు అందరూ ఇలాగే తీసుకుంటున్నారని, గడప కావాలంటే విడిగా చెప్పాలని సమాధానం వచ్చింది. ముహూర్తం దగ్గరపడటంతో వారు గ్రానైటు పలక వేయించుకుని సరిపెట్టుకున్నారు. పడకగదులకూ స్నానాలగదులకూ గడప లేని చట్రాలు వాడటంలో తప్పేమీ లేదు. పైగా ఇంట్లో అటూ ఇటూ తిరిగేవారికి కాలికి అడ్డు లేకపోవడమే మేలు. సింహద్వారం విషయంలో మాత్రం గడప ఉంటుందని కొనేవారు తమంతట తామే అనుకుంటారు, ఉండదని అమ్మేవారు తమంతట తామే అనుకుంటారు.

మేము వెళ్ళిన దుకాణంలో ఈ సందిగ్ధం రాలేదు. చెట్టు ఏదో, వెల ఎంతో మేము అడగకముందే అక్కడి పెద్దమేస్త్రీ, "గడప లోపలివైపు ఎంత కనబడాలండి, బయటివైపు ఎంత కనబడాలండి? అది చెబితేగానీ కొలత వెయ్యలేనండి" అన్నాడు. మొదట వింతగా అనిపించిన ఈ ప్రశ్న వెనుక ఎంత లెక్క ఉందో తర్వాత అర్థమైంది. గుమ్మం ఎత్తే నాటికి ఇంట్లో నేల ఉండదు, మట్టో కాంక్రీటో ఉంటుంది. దాని మీద తర్వాత సిమెంటు పరుపు, పైన టైల్సో గ్రానైటో వస్తాయి. 4 అంగుళాల మందం గడపను నేలమట్టం చూడకుండా నిలబెడితే, పని పూర్తయ్యాక అది పూర్తిగా కప్పబడిపోయినా పోవచ్చు, లేదా అడుగు తీసి అడుగు వేయలేనంత ఎత్తున మిగిలిపోవచ్చు. మా ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు ఉన్నారని తెలుసుకుని, లోపలివైపు ఒకటిన్నర అంగుళం మాత్రమే కనబడేలా, తక్కినది నేలలోకి పోయేలా గీత గీసి ఇచ్చాడు. ఆ గీతను పెన్సిలుతో కాకుండా ఉలితో సన్నగా నాలుగు మూలలా చెక్కి పెట్టడం వల్ల, నెలల తర్వాత టైల్స్ వేయడానికి వచ్చిన కొత్త మనిషి కూడా దాన్ని చూసి మట్టం పట్టుకోగలిగాడు. పైఅంచులను కోణంగా ఉంచకుండా రెండువైపులా వాలుగా చిత్రిక పట్టించాడు. కాలివేళ్ళు తగిలినా దెబ్బ తగలదు. చక్రాల కుర్చీ వాడేవారున్న ఇంటికయితే గడపను దాదాపు నేలతో సమంగా దించి, చిన్న వాలు చెక్క జోడించి ఇస్తామన్నాడు. దుకాణంలో అలా చేసినది ఒకటి చూపించాడు కూడా. సంప్రదాయం పేరు చెప్పి అందరికీ ఒకే ఎత్తు అంటగట్టకపోవడం ఈ దుకాణంలో నాకు బాగా నచ్చిన గుణం.

కలప ఎంపికలో కూడా గడపకు వేరే న్యాయం పాటిస్తున్నారు. చట్రంలో నాలుగు చెక్కలూ ఒకే టేకు అయినా, నాలుగింటి బతుకూ ఒకటి కాదు. నిలువు చెక్కలు గోడ నీడన ఉంటాయి. గడప మీద రోజూ నీళ్ళు పడతాయి, శుక్రవారమైతే పసుపు, బురద కాళ్ళు, గోనెసంచుల రాపిడి, కింద నుంచి నేల చెమ్మ అన్నీ దానివే. అందుకని నిలువు చెక్కల్లో గోడవైపు మూలన కొద్దిగా తెల్లచెక్క, అంటే బెరడు వైపు ఉండే లేత చెక్క, ఉన్నా ఒప్పుకోవచ్చు గానీ, గడప మొత్తం చేవ, అంటే దుంగ లోపలి ముదురు గట్టి చెక్క, కావాలని మేస్త్రీ పట్టుబట్టాడు. చెదలు ముందు పట్టేది తెల్లచెక్కనే. చేవను ఎలా గుర్తించాలో చూపడానికి దుంగ కోసిన ముఖాన్ని గుడ్డతో తుడిచి చెంబుతో నీళ్ళు పోశాడు. నీళ్ళు ఇంకుతున్న కొద్దీ మధ్యభాగం ముదురు తేనెరంగుకు తిరిగింది, బెరడు వైపు రెండు వేళ్ళ వెడల్పున ఒక పట్టీ పాలిపోయి వేరుగా నిలిచింది. ఆ పట్టీ పడకుండా రంపం గీత ఎక్కడ వేయాలో నా ముందే సున్నపు దారంతో కొట్టి చూపాడు. దుంగ నడిమి గుజ్జు కూడా గడపలో రాకూడదట. గుజ్జు ఉన్న చెక్క ఆరినకొద్దీ అక్కడి నుంచే నెర్రెలిస్తుంది. తేమ కొలిచే చిన్న మీటరు ఉంది, అడిగితే సూదులు గుచ్చి చూపిస్తారు. మా చెక్కలకు 13 శాతం దరిదాపుల్లో చూపింది. అడగనివారికి చూపించరు గనుక అడగాలి. నాటు టేకుతో పాటు ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి దిగుమతయిన టేకు కూడా అక్కడ ఉంది. ఏది ఏదో దాచకుండా చెబుతారు. వేప, మద్ది కూడా దొరుకుతాయి. డబ్బు తక్కువైతే చట్రమంతా వేపతో చేయించి గడప ఒక్కటీ టేకు చేవతో వేయించుకోమని సలహా ఇచ్చారు. ఖర్చు ఎక్కడ పెట్టాలో తెలిసినవారి సలహా అది.

వెలల విషయంలో అంకెలు రాయను, అవి నెలనెలా మారుతుంటాయి. లెక్క కట్టే తీరు మాత్రం చెబుతాను. కలపను ఘనపుటడుగుల్లో, వాడుకలో సీఎఫ్‌టీల్లో అమ్ముతారు. మా ద్వారబంధం 7 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు. చెక్క కొలత 6 అంగుళాలు బై 4 అంగుళాలు. నిలువు చెక్కలు రెండూ కలిసి 14 అడుగులు. పై చెక్కా గడపా గోడలోకి చెరొకవైపు 3 అంగుళాలు చొచ్చుకుపోయేలా చెవులు వదులుతారు గనుక ఒక్కొక్కటి నాలుగున్నర అడుగులు. మొత్తం 23 అడుగుల పొడవును 6తోనూ 4తోనూ గుణించి 144తో భాగిస్తే 3.83 ఘనపుటడుగులు వస్తుంది. అందులో గడప వాటా సరిగ్గా ముప్పావు ఘనపుటడుగు. అంటే గడప లేని చట్రాన్ని గడప ఉన్నదాని వెలకు అమ్మితే కొనేవారు దాదాపు అయిదో వంతు కలపను వదులుకున్నట్టే. ఈ దుకాణంలో లెక్కను చీటీ మీద వేసి చూపించి, కోతలో పోయే పొట్టును విడిగా రాశారు. కూలి ఇంకా విడిగా ఉంటుంది. బేరం పెద్దగా ఆడనివ్వరు. నాకు అది ఇబ్బందిగా తోచలేదు.

పనితనం దగ్గరికి వస్తే, గడపకూ నిలువు చెక్కలకూ మధ్య అతుకు చూడదగినది. నిలువు చెక్క కింది కొసను సన్నంగా చెక్కి, గడపలో ఆ మేరకు తొలిచిన రంధ్రంలో దిగగొట్టి, అడ్డంగా చెక్కమేకు వేస్తారు. ఇనుప మేకు వేయరు. పసుపునీళ్ళు దిగి దిగి ఇనుము తుప్పుపడుతుందని, ఆ తుప్పు చెక్కను నల్లగా తినేస్తుందని కారణం చెప్పారు. చట్రం బిగించాక మూల నుంచి మూలకు టేపు పట్టి చూపించారు. 7 బై 4 చట్రానికి రెండు కర్ణాలూ 8 అడుగుల ముప్పావు అంగుళం దగ్గర రావాలి. రెండూ సమానమైతేనే మూలలు మట్టానికి ఉన్నట్టు. ఈ కర్ణాలను చివరిదాకా కాపాడేది గడపే. గడప లేని చట్రం లారీలోనూ, గోడ కట్టేటప్పుడూ కాళ్ళు విడిపోతుంది, లేదా లోపలికి ముడుచుకుంటుంది. తర్వాత తలుపు బిగిసిపోయిందనో, అడుగున సందు వచ్చిందనో రెక్కను పదేపదే గీకిస్తుంటారు. గడప పాత్ర పూర్వం ఇంకా పెద్దది. మండువా లోగిళ్ళ తలుపులకు మడతబందులుండేవి కావు. రెక్క అంచునే పైనా కిందా బొడిపెల్లా చెక్కి, కింది బొడిపెను గడప దగ్గరి గుంటలో కూర్చోబెట్టేవారు. తలుపు బరువంతా అక్కడే తిరిగేది. ఆ పాత తలుపొకటి ఈ దుకాణంలో మరమ్మతుకు వచ్చి ఉండగా చూశాను. గుంట నూనె తాగి తాగి అద్దంలా నునుపెక్కింది.

గడప మీద కూర్చోవద్దని, తొక్కవద్దని, గడపకు అటూ ఇటూ నిలబడి ఇచ్చిపుచ్చుకోవద్దని ఇళ్ళలో పెద్దలు చెబుతారు. హిరణ్యకశిపుణ్ణి నరసింహుడు ఇంటా బయటా కాని గడప మీద సంహరించాడన్న కథ, గడప లక్ష్మీస్థానమన్న నమ్మకం, శ్రీవైష్ణవాలయాల్లో గర్భగుడి ముందరి మెట్టును కులశేఖర ఆళ్వారు పేరు మీద కులశేఖర పడి అని పిలుచుకోవడం, ఇవన్నీ ఆ ఆంక్ష వెనుక ఉన్నవే. మేస్త్రీ దానికి తన వృత్తి నుంచి ఒక కారణం చేర్చాడు. గడప కింద సిమెంటు కాంక్రీటు గట్టిగా కూరకపోతే నడిమి భాగం గాలిలో ఉన్నట్టే. దాని మీద బస్తా దింపినా, మనిషి పదేపదే కాలు వేసినా చెవుల దగ్గర అతుకు కదులుతుంది. అందుకని గుమ్మం ఎత్తే రోజున వాళ్ళ మనిషి ఒకరు వచ్చి, తాపీమేస్త్రీ గడప కింద సందు లేకుండా కూరేదాకా ఉండి వెళతాడు. ఇది వెలలోనే కలిసి ఉన్న సేవ. గడప కింద గుంటలో నవధాన్యాలు, పంచలోహాలు, నవరత్నాలు వేసే ఆచారం మాకు ఉంది. ధాన్యం నేరుగా మట్టిలో వేస్తే చీమలూ చెదలూ చేరతాయని, మూతబిగుతుగా ఉండే చిన్న రాగి డబ్బీలో పెట్టమని చెప్పి డబ్బీ పట్టేంత గుంటనే వదిలించారు. పురోహితులు కూడా దానికి అభ్యంతరం చెప్పలేదు. ముహూర్తం తర్వాత వడ్రంగికి కొత్తబట్టలు, తాంబూలం, దక్షిణ ఇచ్చుకోవడం మామూలే. దుకాణంవారు అంత ఇవ్వాలి, ఇంత ఇవ్వాలి అని నోరు తెరచి అడగలేదు.

ఆ మాటకు ఇంటితో ఉన్న సంబంధం తెలిసినవారికి ఈ శ్రద్ధ అతిగా అనిపించదు. 'ఆ ఊళ్ళో మూడొందల గడపలున్నాయి' అంటే మూడొందల ఇళ్ళని, మూడొందల కుటుంబాలని అర్థం. 'వాళ్ళ గడప తొక్కను' అంటే ఆ ఇంటితో రాకపోకలు తెగినట్టు. 'మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు' అన్న సామెత పని చేయనివారికి తగులుతుంది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రజాప్రతినిధులను ఇంటింటికీ పంపిన కార్యక్రమానికి 'గడప గడపకు మన ప్రభుత్వం' అని పేరు పెట్టింది. ఇంటింటికీ అని చెప్పడానికి ఆ మాట ఎంత సహజంగా ఒదుగుతుందో అక్కడ కనబడుతుంది. తిరుమలకు వెళ్ళే యాత్రికులు ముందుగా దర్శించుకునే దేవుని కడపను వేంకటేశ్వరుడి గడపగా భావిస్తారు. కడప ఊరి పేరుకు జనం చెప్పుకునే కథ అదే. సంస్కృతంలో గడపను దేహళి అంటారు. గడప మీద పెట్టిన దీపం ఇంటి లోపలికీ బయటికీ ఒకేసారి వెలుగిస్తుందని, ఒక మాట రెండు వాక్యాలకు పనికివచ్చే చోట పండితులు దేహళీదత్తదీప న్యాయమన్నారు. గడచు, గడపు అన్న క్రియల్లోని దాటడమనే భావం గడపలో వినబడుతూనే ఉంటుంది. కోడలు బియ్యం చెంబును కుడికాలితో తోసి లోపలికి వచ్చేదీ, ఇంటి ఆడపిల్ల అత్తవారింటికి బయలుదేరేదీ, చివరికి మనిషిని సాగనంపేదీ దాని మీదుగానే. ఇంతటి వాడుక ఉన్న వస్తువును రీపరు ముక్కతో సరిపెట్టడం నాకు నచ్చదు.

ఇక పాలిష్. ఇక్కడే దుకాణంవారితో నాకు కొంత చర్చ నడిచింది. ద్వారబంధమంతటికీ మెరిసే పాలిష్ కొట్టించుకుంటే చూపుకు బాగుంటుంది గానీ, ఆ నునుపు మీద పసుపు నిలవదు. నీళ్ళు జారిపోయి గీతలు గీతలుగా ఎండుతుంది, రెండు రోజుల్లో పొట్టులా రాలుతుంది. పాలిష్ వద్దనుకుని పచ్చిచెక్కగా వదిలేస్తే పసుపు చక్కగా పడుతుంది గానీ చెమ్మ లోపలికి దిగుతుంది. వీళ్ళు చేసిన మధ్యే మార్గం ఏమిటంటే, గడప అడుగు ముఖానికీ గోడలో పోయే చెవులకూ తారు పూస్తారు, పక్కలకు పాలిష్ కొడతారు, పై ముఖానికి మాత్రం మరిగించిన అవిసెగింజల నూనెను పలుచగా కొన్ని పూతలు ఇచ్చి ఆరనిస్తారు. నూనె బాగా ఇంకాక పసుపు నిలుస్తోంది, నీళ్ళు పోసి కడిగితే చెక్కను తడపకుండా పక్కకు పోతున్నాయి. ఏడాదికొకసారి, వానలకు ముందు, ఆ నూనె మళ్ళీ పట్టించాలి. బజారు కుంకుమలో కొన్ని రకాల రంగు చెక్కలోకి దిగి పోదు. పసుపూ సున్నమూ కలిపి ఇంట్లో చేసుకున్న కుంకుమ అలా పట్టుకోలేదని మా అనుభవం. ఈ శ్రమ వద్దనుకునేవారి కోసం పసుపుపచ్చ ఎనామిల్ రంగు వేసి ఎర్ర బొట్లు దిద్దడం, ముగ్గుల స్టిక్కర్లు అంటించడం, ఇత్తడి రేకు తొడగడం ఇప్పుడు బాగా వ్యాపించాయి. రంగు వేసుకోవడంలో నష్టమేమీ లేదు, చెక్కకు అది రక్షణే. స్టిక్కరు అంచులు లేచి మట్టి పట్టడం తప్ప పెద్ద హాని చేయదు. ఇత్తడి రేకును మాత్రం నేను వద్దంటాను. మేకులు కొట్టిన ప్రతిచోటా నీరు దిగుతుంది, దిగిన నీరు రేకు కింద ఆరదు, లోపల చెక్క చివికిపోతున్నా పైకి తళతళ కనబడుతూనే ఉంటుంది. ఈ దుకాణంలో ఇత్తడి రేకులు అమ్ముతారు, అయినా కొత్త టేకు గడపకు అవసరం లేదని వారే చెప్పారు. అరిగిపోయిన పాత గడపలకు మాత్రమే వేయమంటారు.

లోపాలు లేకపోలేదు. మొదటిది ఆలస్యం. చెప్పిన గడువుకు చట్రం సిద్ధం కాలేదు. శ్రావణమాసపు ముహూర్తాలకు ఒకేసారి అందరి దగ్గరా ఒప్పుకుని, ఎవరికీ ముందుగా నిజం చెప్పరు. మాకు ముహూర్తం ముందురోజు చీకటిపడ్డాక వచ్చింది. ఆ తొందరలో గోడవైపు తారు పూత తడి ఆరకుండానే నిలబెట్టవలసి వచ్చింది. రెండోది బిల్లు. ఇంత వివరంగా మాట్లాడి, ఉలితో గీతలు చెక్కి ఇచ్చినవారు బిల్లు మీద 'గుమ్మం ఒకటి, టేకు' అని రాసి చేతిలో పెట్టారు. కలప ఏ దేశానిదో లేదు, కొలత లేదు, గడప ఊసే లేదు. వారి నిజాయితీ మీద నాకు అనుమానం లేదు, కానీ రేపు ఏదైనా తేడా వస్తే ఆ కాగితం ఎవరికీ పనికిరాదు. అడిగాక తిరిగి రాసి ఇచ్చారు. మూడోది చిన్నది. వానాకాలం పోయి వేసవి ముదిరాక గడప ఎడమ చెవికి దగ్గరగా వెంట్రుకంత నెర్రె కనిపించింది. ఫోన్ చేస్తే చాలా రోజులకు గానీ రాలేదు. వచ్చినవాడు మాత్రం ఓపికగా చూసి, అది పైపైదేనని సన్నటి బద్దను గుచ్చి నిరూపించి, టేకు పొడి, మైనం కలిపి పూడ్చి డబ్బు తీసుకోకుండా వెళ్ళాడు. తర్వాత అది పెరగలేదు. తలుపు ఇప్పటికీ వేలితో తోస్తే కదులుతుంది, అడుగున సందు ఆ కొస నుంచి ఈ కొసకు ఒకే తీరుగా ఉంది, గోదావరి గాలివానకు బయట నీళ్ళు నిలిచినప్పుడు కూడా చుక్క లోపలికి రాలేదు. జెర్రులూ తేళ్ళూ తిరిగే మా వీధిలో ఆ ఒకటిన్నర అంగుళం చేస్తున్న కాపలా తక్కువది కాదు.

అయిదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. తగ్గించినది గడువు విషయంలోనూ బిల్లు విషయంలోనూ. కలపలో, పనితనంలో తగ్గించడానికేమీ లేదు. ఉభయగోదావరి జిల్లాల్లో ఇల్లు కట్టుకుంటూ సింహద్వారం ఒక్కసారే చేయించుకోవాలనుకునేవారు ఇలాంటి దుకాణాన్ని వెతుక్కోవడం మంచిది. రెడీమేడ్ చట్రం వారంలో కావాలనుకునేవారికి మాత్రం ఇక్కడ విసుగు తప్పదు. పాత ఇంటివారు గడప ఒక్కటే మార్పించుకోవాలనుకుంటే ఆ పని కూడా వీరు ఒప్పుకుంటారు. నిలువు చెక్కల అడుగు కోసి కొత్త గడపలో అతికించే పని గనుక గోడ కొంత తవ్వవలసి వస్తుందని ముందే చెబుతారు.

ఏ దుకాణానికి వెళ్ళినా బిల్లు మీద ఈ వాక్యం రాయించుకోండి, మేము రెండోసారి రాయించుకున్నది ఇదే: 'సింహద్వారానికి టేకు ద్వారబంధం ఒకటి, గడపతో సహా నాలుగు చెక్కలు, 7 అడుగులు బై 4 అడుగులు, చెక్క కొలత 6 బై 4 అంగుళాలు, గడప మొత్తం చేవ, గడప చెవులు చెరొకవైపు 3 అంగుళాలు, అతుకులకు చెక్కమేకులు, గుమ్మం ఎత్తే రోజు మనిషిని పంపాలి.' దాని కింద కలప ఎక్కడిదో, ఘనపుటడుగుల లెక్క ఎంతో, ఇచ్చే తేదీ ఏదో కూడా ఉండాలి. తేదీని ముహూర్తానికి కనీసం పది రోజుల ముందుకు వేయించుకుంటే తారు ఆరడానికీ, కర్ణాలు మరొకసారి కొలిచి చూసుకోవడానికీ వ్యవధి ఉంటుంది. కోత రోజున ఉదయాన్నే వెళ్ళి, గడపకు ఎంచిన దుంగ ముఖం మీద నీళ్ళు పోయించి చూడండి.